గిటార్ కేబుల్: ధర కన్నా ముందు చూడాల్సిన పికోఫారడ్ లెక్క

క్లుప్తంగా: కేబుల్ మారిస్తే ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్ మారుతుందనే మాట నిజమే. కాకపోతే ఆ మార్పుకు కారణం రాగి స్వచ్ఛతో బంగారు పూతో కాదు, కేబుల్ కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిల్వ ఉంచుకునే గుణం (దీన్ని పికోఫారడ్లలో కొలుస్తారు). పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి మొదటి బఫర్ (కేబుల్ ప్రభావాన్ని ఆపే చిన్న సర్క్యూట్) వరకు ఉన్న కేబుల్‌కే ఈ లెక్క వర్తిస్తుంది. పాదం కింద వాల్యూమ్ పెడల్‌ను నిత్యం కదిపే పెడల్ స్టీల్ (ఉక్కు కడ్డీతో వాయించే ఒక రకం గిటార్) వాద్యకారులకు ఇది మిగతావాళ్లకన్నా ఎక్కువగా పట్టించుకోవాల్సిన విషయం. కెపాసిటెన్స్ తర్వాత డబ్బు పెట్టదగినవి జాకు, సోల్డరింగ్, షీల్డు.

ఇద్దరి మాటా నిజమే

దుకాణంలో మూడు నాలుగు వందలకు దొరికే గిటార్ కేబుల్ ఉంది, పది వేలు దాటేదీ ఉంది. విప్పి చూస్తే రెండింటిలోనూ సరుకు ఒకటే: మధ్యలో రాగి తీగ, చుట్టూ ఇన్సులేషన్, దానిపై షీల్డు, పైన తొడుగు, చివర్లలో ఒక్కో జాకు. దాంతో వాదన మొదలవుతుంది. కేబుళ్లన్నీ ఒకటే, ఖరీదైనవి కొనడం దండగ అని ఒకరంటారు. కేబుల్ మార్చగానే తన గిటార్‌కు ప్రాణం వచ్చినట్టయిందని ఇంకొకరంటారు.

చాలాసార్లు ఇద్దరూ తమ చెవులు విన్నదే చెబుతుంటారు. మొదటివారి గిటార్‌లో బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్ ఉండి ఉంటుంది, లేదా గిటార్ పక్కనే బఫర్ ఉన్న పెడల్ ఉండి ఉంటుంది. రెండోవారు బ్యాటరీ లేని మామూలు పాసివ్ పికప్ నుంచి ఆరు మీటర్ల కేబుల్‌ను నేరుగా యాంప్లిఫయర్‌కు కలిపి ఉంటారు. మొదటి అమరికలో కేబుల్ ప్రభావం దాదాపు సున్నా. రెండోదానిలో అది వాద్యంలో ఒక భాగమే. ఏ అమరిక అన్నది చెప్పకుండా సాగే కేబుల్ చర్చ ఎప్పటికీ తెగదు.

ఈ సంబంధం ఎలక్ట్రిక్ గిటార్ పుట్టినప్పటి నుంచీ ఉంది. మార్కెట్‌లో నిలదొక్కుకున్న తొలి ఎలక్ట్రిక్ గిటార్ భుజాన వేలాడదీసుకునేది కాదు, ఒళ్లో పెట్టుకుని ఉక్కు కడ్డీతో వాయించే లాప్ స్టీల్. జార్జ్ బీచమ్ రూపొందించిన, ‘ఫ్రయింగ్ పాన్’ అనే ముద్దుపేరు పడ్డ ఆ రికెన్‌బ్యాకర్ వాద్యం 1930ల మొదట్లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దాని పేటెంటు 1937లో మంజూరైంది. గిటార్‌కు గుచ్చే 6.35 మిల్లీమీటర్ల జాకు అంతకన్నా పాతది. 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు లైన్లు కలపడానికి వాడిన ప్లగ్గు నుంచే అది వచ్చింది. మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో పీ-38 అని అడిగితే ఇచ్చేది దీన్నే.

పికప్, కేబుల్ కలిసి తయారయ్యే ఫిల్టర్

కేబుల్‌ను నీళ్ల గొట్టంలా ఊహించుకుంటే ఎంత లావుంటే అంత మేలనిపిస్తుంది. గిటార్ కేబుల్ విషయంలో ఆ ఊహ పొరపాటు, ఎందుకంటే ఇందులో పారే కరెంటు మైక్రోఆంపియర్ల స్థాయిలోనే ఉంటుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఆరు మీటర్లకు చూపే నిరోధం దాదాపు 0.2 ఓమ్‌లు. ఒక మామూలు సింగిల్ కాయిల్ పికప్ నిరోధమే 6 వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది, యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌ది దాదాపు 10 లక్షల ఓమ్‌లు. వీటి మధ్య ఆ 0.2 ఓమ్‌లను రెట్టింపు చేసినా సగం చేసినా వినిపించే తేడా ఉండదు.

తేడా వచ్చేది కెపాసిటెన్స్ దగ్గర. మధ్యలో తీగ, బయట షీల్డు, వాటి నడుమ ఇన్సులేషన్ ఉందంటే అది పొడవునా సాగిన కెపాసిటరే. పొడవు పెరిగితే దాని విలువా పెరుగుతుంది. గిటార్ కేబుళ్లలో ఇది మీటరుకు సుమారు 50 నుంచి 160 పికోఫారడ్ల వరకు ఉంటుంది, చాలావాటిలో 100కు అటూ ఇటూ.

మరోవైపు పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని తీగ. దానికి పెద్ద ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది: స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్‌కు సుమారు 2.5 హెన్రీలు, రెండు కాయిల్స్ ఉండే హంబకర్‌కు నాలుగైదు. ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ ఒకచోట చేరితే ఒక రెజొనెన్స్ ఏర్పడుతుంది. అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ కాస్త పైకి లేచి, ఆ తర్వాత నిటారుగా పడిపోతుంది. ఈ శిఖరం ఎక్కడుందన్నదే గిటార్ ‘మెరుపు’ను నిర్ణయిస్తుంది. కెపాసిటెన్స్ పెరిగేకొద్దీ శిఖరం కిందికి జారుతుంది, పైన ఉన్న హార్మోనిక్స్ తెగిపోతాయి.

22 ఫ్రెట్ల గిటార్‌లో అన్నిటికన్నా పై స్వరం అసలు ఫ్రీక్వెన్సీ 1,175 హెర్ట్జ్ మాత్రమే. కాబట్టి కేబుల్ ఏ స్వరాన్నీ మింగేయదు. అది కత్తిరించేది స్వరం వెంట వచ్చే పై హార్మోనిక్స్‌నే. మన చెవికి సున్నితత్వం ఎక్కువగా ఉండేదీ సుమారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యనే కాబట్టి మార్పు చిన్నదైనా తెలిసిపోతుంది.

అవే ఆరు మీటర్లు, మూడు కేబుళ్లు

తయారీదారులు ప్రకటించిన విలువలతో లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. జపాన్ కంపెనీ కెనారే జీఎస్-6 కేబుల్ మీటరుకు 160 పికోఫారడ్లు. అదే దేశానికి చెందిన మొగామి 2524 మీటరుకు 130. జర్మనీ కంపెనీ సొమ్మర్ స్పిరిట్ ఎల్‌ఎల్‌ఎక్స్ మీటరుకు 52. మూడూ స్టూడియోల్లో, స్టేజీల మీద పేరున్నవే. వీటిలో నాసిరకం ఏదీ లేదు.

2.5 హెన్రీల సింగిల్ కాయిల్‌ను, పికప్ సొంత చుట్టల కెపాసిటెన్స్ కింద 100 పికోఫారడ్లను తీసుకుందాం. ఆరు మీటర్ల కెనారేతో రెజొనెన్స్ దాదాపు 3,100 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మొగామితో 3,400. సొమ్మర్‌తో 4,950. మొదటిదానికీ చివరిదానికీ మధ్య సంగీత పరంగా సగం ఆక్టేవ్‌కు పైగా తేడా. 4.5 హెన్రీల హంబకర్‌తో అవే రెండు కేబుళ్లు 2,300, 3,700 హెర్ట్జ్ ఇస్తాయి. టోన్ నాబ్‌ను ముట్టుకోకుండానే ఇంత మార్పు.

అయితే శిఖరం ఎంత పైన ఉంటే అంత మంచిదని అర్థం కాదు. 12 అంగుళాల గిటార్ స్పీకర్లు చాలావరకు 5 కిలోహెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతాయి. కాబట్టి సింగిల్ కాయిల్‌కు కెపాసిటెన్స్‌ను ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోవడం వల్ల ఒక దశ తర్వాత స్పీకర్ నుంచి బయటికొచ్చేది ఏమీ ఉండదు. పైగా మెరుపు ఎక్కువైతే కొందరికి చెవిలో గుచ్చినట్టుంటుంది. జిమీ హెండ్రిక్స్ స్టేజీ మీద వాడిన చుట్టలు తిరిగిన కేబుల్ సాగదీస్తే చాలా పొడవు, కెపాసిటెన్స్ కూడా ఆ మేరకు ఎక్కువ. ఆ తరం గిటార్ ధ్వనిలోని గుండ్రదనంలో ఇలాంటి కేబుళ్లకూ వాటా ఉంది.

కొనుగోలుకు పనికొచ్చే తర్కం ఇక్కడే దొరుకుతుంది. కెపాసిటెన్స్‌ను కలపవచ్చు, తీసేయడం కుదరదు. తక్కువ విలువ కేబుల్ కొన్నవారికి సౌండ్ మరీ పదునుగా అనిపిస్తే, జాకు లోపల టిప్‌కూ (మొన) స్లీవ్‌కూ (వెనుక గొట్టం భాగం) మధ్య 470 పికోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్‌ను సోల్డర్ చేసుకోవచ్చు, దానికయ్యేది కొద్ది రూపాయలే. ఎక్కువ విలువ కేబుల్ కొన్నవారికి ఉన్న దారి పొడవు తగ్గించుకోవడమో, కేబుల్‌కు ముందు బఫర్ పెట్టుకోవడమో.

స్టీల్ గిటార్: పెడల్ సగంలో ఉన్నప్పుడు

పెడల్ స్టీల్ వాద్యకారుడు కూర్చుని వాయిస్తాడు. కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది. మీటిన క్షణంలో పెడల్‌ను కాస్త వెనక్కి పట్టి, స్వరం సన్నగిల్లుతున్నకొద్దీ ముందుకు నొక్కుతూ దాన్ని సాగదీస్తాడు. కంట్రీ సంగీతంలో బడ్డీ ఎమన్స్ వంటి వాద్యకారుల వాయింపులో వినిపించే ఆ తెగని సాగుడులో చేతికి ఎంత వాటా ఉందో పాదానికీ అంత ఉంది. కాబట్టి పెడల్ పూర్తిగా తెరిచి ఉండే సమయం తక్కువ, మధ్యలో ఎక్కడో ఉండే సమయమే ఎక్కువ.

కేబుల్ సమస్య మొదలయ్యేది అక్కడే. పాతకాలపు పాసివ్ పెడళ్లలో సాధారణంగా 5 లక్షల ఓమ్‌ల పాట్ (కదిపితే నిరోధం మారే భాగం) ఉంటుంది. విద్యుత్ పరంగా అది సగంలో ఉన్నప్పుడు పెడల్ అవుట్‌పుట్ నుంచి కనిపించే ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే మొత్తం నిరోధం) దాదాపు 1,25,000 ఓమ్‌లు. ఆ తర్వాత యాంప్లిఫయర్‌కు వెళ్లే కేబుల్ కెపాసిటెన్స్ దీనితో కలిసి ఇంకో ఫిల్టర్‌ను తయారు చేస్తుంది. మీటరుకు 100 పికోఫారడ్ల కేబుల్ ఆరు మీటర్లయితే 2,100 హెర్ట్జ్ దగ్గరే ట్రెబుల్ (పై ఫ్రీక్వెన్సీలు) తగ్గడం మొదలవుతుంది. మూడు మీటర్లయితే 4,200. అదే మూడు మీటర్లు సొమ్మర్ ఎల్‌ఎల్‌ఎక్స్ రకమైతే 8,000 దాటుతుంది. ట్యూబు యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు ఉండే సొంత కెపాసిటెన్స్ కూడా కలుస్తుంది కనుక వాస్తవంలో ఈ అంకెలు ఇంకొంచెం కిందే ఉంటాయి.

ఫలితంగా పెడల్ కదులుతున్నంతసేపూ వాల్యూమ్‌తో పాటు టోన్ కూడా మారుతుంది. వెనక్కి పట్టినప్పుడు మసకగా, ముందుకు నొక్కినప్పుడు పదునుగా. మామూలు గిటారిస్టు కూడా గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను పదిలో ఏడుకు తగ్గించినప్పుడు ఇదే జరుగుతుంది. తేడా ఏమిటంటే అతను నాబ్‌ను అప్పుడప్పుడే తిప్పుతాడు, స్టీల్ వాద్యకారుడు ప్రతి స్వరానికీ పెడల్‌ను కదుపుతాడు. పైగా పెడల్ స్టీల్ పికప్‌లు చాలావాటిలో చుట్లు ఎక్కువ. 17, 18 వేల ఓమ్‌ల నిరోధం ఉన్నవి మామూలే. ఇండక్టెన్స్ కూడా ఆ మేరకు పెరుగుతుంది కాబట్టి పెడల్ పూర్తిగా తెరిచి ఉన్నా అదే కేబుల్ ఇక్కడ శిఖరాన్ని ఇంకా కిందికి లాగుతుంది.

అందుకే స్టీల్ వాద్యకారుల్లో కేబుల్ గురించిన పట్టింపు ఎక్కువ. అమెరికాలోని టెనెసీలో స్టీల్ గిటార్ పికప్‌లు చేసే జార్జ్ ఎల్స్ కంపెనీయే సన్నని, సోల్డరింగ్ అవసరం లేని తక్కువ కెపాసిటెన్స్ కేబుళ్లకు పేరు పొందడం కాకతాళీయం కాదు. యాంప్లిఫయర్‌ను కుర్చీ వెనుకే, చేతికందే దూరంలో పెట్టుకునే అలవాటు కూడా ఈ లెక్కకు కలిసొస్తుంది. గిటార్ నుంచి పెడల్‌కు ఒకటి రెండు మీటర్లు, పెడల్ నుంచి యాంప్లిఫయర్‌కు మూడు మీటర్లు సరిపోయేచోట ఆరేసి మీటర్ల కేబుళ్లు రెండు పరవడం చేజేతులా ట్రెబుల్ పోగొట్టుకోవడమే.

రెండు కేబుళ్లలో దేన్ని ముందు తగ్గించాలి? పెడల్ పూర్తిగా తెరిచినప్పుడు రెండింటి కెపాసిటెన్స్ కలిసి పికప్ మీద పడుతుంది. సగంలో ఉన్నప్పుడు మాత్రం ఎక్కువ నష్టం చేసేది పెడల్ తర్వాతి కేబులే. కాబట్టి మొదట పొట్టిగా ఉండాల్సింది అది.

బఫర్ పెట్టినా మిగిలే చిక్కు

బఫర్ అంటే సిగ్నల్‌ను పెద్దది చేయకుండా, దాని ఇంపెడెన్స్‌ను మాత్రం తగ్గించే చిన్న సర్క్యూట్. దాని తర్వాత కేబుల్ ఎంత పొడవున్నా ఫర్వాలేదు. ఈఎంజీ 81 వంటి యాక్టివ్ పికప్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 10 వేల ఓమ్‌లే, వెయ్యి పికోఫారడ్ల కేబుల్ తగిలించినా నష్టం దాదాపు 16 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. గిటార్ స్పీకర్ అంతవరకు వెళ్లదు. బాస్ కంపెనీ పెడళ్లు ఆఫ్‌లో ఉన్నా లోపలి బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. ‘ట్రూ బైపాస్’ పెడళ్లు అలా కాదు. అవన్నీ ఆఫ్‌లో ఉంటే గిటార్ నుంచి యాంప్లిఫయర్ వరకు ఉన్న ప్రతి ముక్క కేబులూ లెక్కలోకి వస్తుంది. పెడళ్ల మధ్య వాడే జానెడు కేబుళ్లు కూడా పది చేరితే మీటరున్నర దాటుతాయి.

స్టీల్ గిటార్‌లో ఒక మెలిక ఉంది. గిటార్‌కూ పెడల్‌కూ మధ్య బఫర్ పెడితే పికప్ మీద భారం పోతుంది కానీ పెడల్‌లోని 5 లక్షల ఓమ్‌ల పాట్ అలాగే ఉంటుంది. అది సగంలో ఉన్నప్పుడు తర్వాతి కేబుల్‌కు ఎదురయ్యేది ఆ 1,25,000 ఓమ్‌లే. బఫర్ కొన్నాక కూడా పెడల్ వెనక్కి పట్టినప్పుడు మసక పోలేదని కొందరు అనడానికి కారణం ఇదే. పూర్తి పరిష్కారం బఫర్‌తో పాటు తక్కువ విలువ పాట్ ఉన్న పెడల్ వాడటం. ఎర్నీ బాల్ వాల్యూమ్ పెడళ్లు పాసివ్ వాద్యాలకు 250 కిలోఓమ్‌లతోనూ, యాక్టివ్ సిగ్నల్‌కు 25 కిలోఓమ్‌లతోనూ రావడం ఇందుకే. 25 కిలోఓమ్‌ల పాట్ సగంలో ఉంటే ఎదురయ్యేది 6 వేల ఓమ్‌లు పైచిలుకు మాత్రమే. పాట్ లేకుండా ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో పనిచేసే హిల్టన్ తరహా పెడళ్లూ ఉన్నాయి, కాకపోతే వాటికి కరెంటు కావాలి.

వైర్‌లెస్ వాడేవారి అనుభవం ఈ మొత్తం లెక్కకు మంచి సాక్ష్యం. ట్రాన్స్‌మిటర్ గిటార్‌కే అతుక్కుని ఉంటుంది కాబట్టి కేబుల్ కెపాసిటెన్స్ మాయమై సౌండ్ పదునెక్కుతుంది. లైన్ 6 కంపెనీ తన రిలే జీ50 వైర్‌లెస్‌లో పోయిన కేబుల్ టోన్‌ను తిరిగి తెచ్చే స్విచ్ పెట్టింది. తీగ పీకేసి, దాని లోపాన్ని మళ్లీ కొనుక్కోవడం అన్నమాట.

హమ్ వేరు, చిటపట వేరు

‘గర్రు’మనే శబ్దాలన్నిటికీ కేబుల్‌నే నిందించడం అలవాటు. వాటిలో మూడు రకాలున్నాయి. సింగిల్ కాయిల్ పికప్ దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని చేసే హమ్ మొదటిది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది ఆ ఫ్రీక్వెన్సీలోనూ దాని రెట్టింపుల్లోనూ వినిపిస్తుంది. గిటార్ పట్టుకుని పక్కకు తిరిగితే పెరగడం, తగ్గడం దీని గుర్తు. ఎంత ఖరీదైన షీల్డైనా దీన్ని ఆపలేదు. రెండోది ఎర్తింగ్ లోపం. స్టేజీకి ఒక చోట నుంచి, మిక్సర్‌కు ఇంకో చోట నుంచి కరెంటు లాగినప్పుడు ఇది తరచూ వస్తుంది. దీనికీ కేబుల్ మందు కాదు.

మూడోది నిజంగా కేబుల్‌దే. కేబుల్‌ను తొక్కినా, విదిల్చినా వచ్చే చిటపట, టపటప శబ్దాలు. వంగినప్పుడు ఇన్సులేషన్, షీల్డు ఒకదానికొకటి రాసుకుని చిన్న విద్యుదావేశం పుడుతుంది. గిటార్ సర్క్యూట్ ఇంపెడెన్స్ ఎక్కువ కావడం వల్ల అది వినిపిస్తుంది. మంచి గిటార్ కేబుల్‌లో ఇన్సులేషన్ మీద పలుచని నల్లటి వాహక ప్లాస్టిక్ పొర ఉండి ఆ ఆవేశాన్ని లాగేస్తుంది. మైకు కేబుల్‌కూ గిటార్ కేబుల్‌కూ ఉన్న అసలు తేడాల్లో ఇదొకటి. షీల్డు అల్లికగా ఉంటే వంపులను తట్టుకుంటుంది, చుట్టినట్టు ఉంటే మెత్తగా ఉంటుంది, అల్యూమినియం రేకు రకం మాత్రం కదలకుండా బిగించే చోట్లకే పనికొస్తుంది.

రాగి, బంగారం, బాణాలు

ఆక్సిజన్ లేని రాగి వాహకత మామూలు విద్యుత్ రాగి కంటే ఒక శాతం ఎక్కువ, అంతే. 0.2 ఓమ్‌లలో ఒక శాతం ఎవరికీ వినిపించదు. అధిక ఫ్రీక్వెన్సీలు తీగ ఉపరితలం మీదే ప్రయాణిస్తాయనే ‘స్కిన్ ఎఫెక్ట్’ వాదన గిటార్‌కు వర్తించదు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా రాగిలో ఆ లోతు దాదాపు అర మిల్లీమీటరు, అంటే సన్నని పోగులన్నీ దాని లోపలే ఉంటాయి. బంగారు పూత తుప్పును ఆపుతుంది. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో అది చిన్న సౌకర్యమే కానీ పదేపదే గుచ్చి తీస్తే ఆ పలుచని పూత అరిగిపోతుంది. నికెల్ జాకును అప్పుడప్పుడు గుడ్డతో తుడిస్తే అదే పని అవుతుంది. తొడుగు మీది బాణం గుర్తుకు అర్థం ఉండేది ఒక్క సందర్భంలోనే: లోపల రెండు తీగలుండి షీల్డును ఒక చివరే కలిపినప్పుడు. మామూలు గిటార్ కేబుల్‌కు బాణం అలంకారమే.

స్పీకర్ కేబుల్‌తో జాగ్రత్త

యాంప్లిఫయర్ హెడ్ నుంచి క్యాబినెట్‌కు (స్పీకర్ పెట్టెకు) కూడా చాలాచోట్ల ఇదే 6.35 జాకు. అందుకే చేతికందిన గిటార్ కేబుల్‌ను అక్కడ గుచ్చేస్తుంటారు. 100 వాట్లు 8 ఓమ్‌ల స్పీకర్‌కు వెళ్లేటప్పుడు కరెంటు మూడున్నర ఆంపియర్లు, 4 ఓమ్‌లకైతే 5. సన్నని సిగ్నల్ తీగ వేడెక్కుతుంది, తెగితే ట్యూబు యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు. ఇందుకు తిరగేసి, షీల్డు లేని స్పీకర్ కేబుల్‌ను గిటార్‌కు పెడితే గదిలోని గర్రంతా లోపలికి వస్తుంది.

మిక్సర్‌లోకి నేరుగా గుచ్చితే

తెలుగు ఊళ్లలో చర్చి క్వయర్లలో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో గిటార్‌కు యాంప్లిఫయర్ ఉండకపోవడం మామూలే. కేబుల్ నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది. ఆ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 వేల ఓమ్‌ల దగ్గర ఉంటే, పాసివ్ సింగిల్ కాయిల్ సౌండ్ ఒక కిలోహెర్ట్జ్ నుంచే తగ్గడం మొదలవుతుంది. ఈ మసకకు కేబుల్‌ను మార్చుకుంటూ పోయినా ఫలితం ఉండదు. మిక్సర్ మీద హై-జెడ్ (ఎక్కువ ఇంపెడెన్స్) బటన్ ఉన్న ఛానల్ వాడాలి, లేదా 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ బాక్స్‌ను (గిటార్ సిగ్నల్‌ను మైకు కేబుల్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టెను) వాద్యకారుడి పక్కనే పెట్టాలి. అక్కడి నుంచి మైకు కేబుల్ ముప్పై మీటర్లు పోయినా ట్రెబుల్ తగ్గదు.

మాగ్నెటిక్ పికప్ ఉన్న ఏ తీగ వాద్యానికైనా ఇదే వర్తిస్తుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక కచేరీ వేదికకు తెచ్చిన అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ కూడా ఈ కుటుంబంలోదే. బ్యాటరీ ప్రీయాంప్ ఉన్న అకూస్టిక్ గిటార్లకు మాత్రం కేబుల్ కెపాసిటెన్స్ బెడద లేదు.

జాకు, సోల్డరింగ్, మీటరు

ఆచరణలో కేబుళ్లు చచ్చిపోయేది మధ్యలో కాదు, జాకుకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో. తీగ అక్కడే పదేపదే వంగుతుంది, డ్రై సోల్డర్ (సరిగా అతకని సోల్డరింగ్) అయితే అక్కడే ఊడుతుంది. కాబట్టి మూత తిప్పి విప్పగలిగే జాకు, తీగను గట్టిగా పట్టే బిగింపు ఉన్న కేబుల్ కొంటే తెగినచోట కోసి మళ్లీ సోల్డర్ చేసుకోవచ్చు. న్యూట్రిక్, స్విచ్‌క్రాఫ్ట్ జాకులకు మంచి పేరు ఇందుకే. ప్లాస్టిక్‌తో పోతపోసి మూసేసిన జాకు పోతే దాన్ని కోసేసి కొత్తది వేయాల్సిందే. లెస్ పాల్ లాగా జాకు పక్కన ఉన్న గిటార్లకు వంపు జాకు నయం, స్ట్రాటోకాస్టర్ గుంటలోకి నిటారుదే దూరుతుంది. మోచేతికి చుట్టి కట్టే అలవాటు లోపలి పోగులను మెలితిప్పుతుంది.

ప్యాకెట్ మీద పికోఫారడ్ విలువ రాయని కేబుళ్లే ఎక్కువ. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటరు ఉంటే అది అడ్డంకి కాదు. కేబుల్ ఒక చివరను ఖాళీగా వదిలి, రెండో చివర టిప్‌కూ స్లీవ్‌కూ మీటరు పిన్నులు ఆనిస్తే మొత్తం విలువ తెలుస్తుంది, దాన్ని పొడవుతో భాగిస్తే మీటరు లెక్క వస్తుంది. ఆ పనిలోనే టిప్ నుంచి టిప్‌కు నిరోధం ఒక ఓమ్ లోపు ఉందో లేదో, టిప్‌కూ స్లీవ్‌కూ షార్ట్ లేదని నిర్ధారించుకుని, జాకు దగ్గర వంచుతూ మీటరు ముల్లు గెంతుతుందేమో చూడవచ్చు. ఆరు మీటర్ల కేబుల్ 0.3 నుంచి 0.6 నానోఫారడ్ల (అంటే 300 నుంచి 600 పికోఫారడ్ల) మధ్య చూపిస్తే పాసివ్ గిటార్‌కూ, స్టీల్ గిటార్‌కూ నిశ్చింతగా సరిపోతుంది. ఒక నానోఫారడ్ దాటితే పారేయక్కర్లేదు. బఫర్ ఉన్న పెడల్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య వేసుకుంటే ఆ కెపాసిటెన్స్ ఎవరికీ వినిపించదు.